పక్క పొలం కొనలేని కొడుకు

“మావోడు డాలస్‌లో ఉండాడప్పా. మా చేను పక్కనే మూడెకరాలు అమ్మకానికొచ్చింది. వాని పేరున రాయించొచ్చునా?”

కర్ణాటకలో బాగేపల్లి నుంచి చేలూరు పోయే దారిలో టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన అడిగిన ప్రశ్న ఇది. అడుగుతూనే జేబులోంచి ఆ భూమి రికార్డు, పహణి, తీశాడు. కన్నడంలో ఉన్న కాగితాన్ని తెలుగులో చదివి వినిపించాడు. ఈ సీమలో ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడం కాబట్టి అందులో వింతేమీ లేదు. రాయించకూడదు అన్నాను.

“పోయినేడు చిక్కబళ్లాపురంలో ముప్పై నలభై సైటు కొన్న్యాడే! అప్పుడెవురూ అడ్డం చెప్పలేదే!”

రెండూ నిజమే. ఆ కొడుకు సైటు కొనొచ్చు, ఇల్లు కొనొచ్చు. స్తోమతుంటే పది ఇళ్లు కొన్నా చట్టం ఎందుకని అడగదు. తను పుట్టి పెరిగిన ఊళ్లో, తండ్రి గట్టును ఆనుకున్న సేద్యపు నేల మాత్రం ఒక్క గుంట కూడా కొనకూడదు. విదేశీయులు ఇళ్లు కొనకుండా పన్నులు వేస్తున్నారని, నిషేధాలు పెడుతున్నారని కెనడా నుంచి, ఆస్ట్రేలియా నుంచి వార్తలు వింటుంటాం. మన దగ్గరా అలాంటి కంచె ఉంది. కాకపోతే అది ఇంటి చుట్టూ లేదు, పొలం చుట్టూ ఉంది. ఇక పన్ను సంగతి కొనేనాడు తెలియదు, అమ్మేనాడు తెలుస్తుంది.

ముందుగా ఎవరు ఎవరన్నది చూద్దాం. భారత పాస్‌పోర్టు పెట్టుకుని బయట దేశంలో ఉంటున్నవాడు ఎన్నారై. అక్కడి పౌరసత్వం తీసుకుని, మూలం ఇక్కడిదని కార్డు పొందినవాడు ఓసీఐ. ఈ రెండూ కాని పరదేశి మూడోవాడు. విదేశీ మారకపు చట్టం ఫెమా, దాని కింద 2019 అక్టోబరులో వచ్చిన నియమాలు ఈ ముగ్గురినీ వేర్వేరుగా చూస్తాయి. ఎన్నారైకి, ఓసీఐకి వ్యవసాయ భూమి, ఫామ్‌హౌస్, తోటల ఎస్టేటు తప్ప మరే స్థిరాస్తి అయినా కొనడానికి రిజర్వు బ్యాంకు అనుమతి అక్కర్లేదు. డబ్బు మాత్రం బ్యాంకు దారిలోనే రావాలి, లేదా ఇక్కడి ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ, ఎఫ్‌సీఎన్‌ఆర్ ఖాతాల్లోంచి పోవాలి. పండక్కొస్తూ డాలర్ నోట్లు తెచ్చి అమ్మేవాడి చేతిలో పెడితే చెల్లదు.

ఇక్కడ చాలామంది తడబడేది ‘ఎన్నారై’ ఎప్పటినుంచి అవుతారన్న చోట. ఆదాయపు పన్ను చట్టం రోజులు లెక్కపెడుతుంది. ఫెమా ఉద్దేశాన్ని చూస్తుంది. ఉద్యోగం మీద విమానమెక్కిన నాటినుంచే అతను ఫెమా దృష్టిలో బయటివాడు. చదువుకోడానికి పోయిన పిల్లలనూ రిజర్వు బ్యాంకు అలాగే లెక్కిస్తుంది. కాబట్టి ‘ఇంకా ఆర్నెల్లు కూడా కాలేదు కదా, ఈలోపు పొలం రాయించేద్దాం’ అనే ఉపాయం పారదు.

మూడోవాడి సంగతి పొట్టిగా చెప్పుకోవచ్చు. భారతీయ మూలం లేని పరదేశి బయట ఉంటూ ఇక్కడ ఇల్లు కొనలేడు. ఎన్నారైనో ఓసీఐనో పెళ్లాడి, ఆ పెళ్లి రిజిస్టరై రెండేళ్లు నిండితే, భర్తతోనో భార్యతోనో కలిసి ఒక్క ఆస్తి కొనొచ్చు. ఇక్కడే నివాసి అయిపోతే దారి ఉంది. చైనా, పాకిస్తాన్, బంగ్లాదేశ్, శ్రీలంక, నేపాల్, ఇరాన్ వంటి పదకొండు చోట్ల పౌరులకు అదీ రిజర్వు బ్యాంకు అనుమతితోనే. అయిదేళ్లు మించని లీజుకు మాత్రం ఎవరికీ అనుమతి అక్కర్లేదు. పుట్టపర్తి చుట్టుపక్కల, ఇటు ముద్దేనహళ్లి, నంది కొండ ప్రాంతాల్లో ఆశ్రమాల కోసం వచ్చి ఏళ్ల తరబడి ఉండిపోదామనుకునే విదేశీ భక్తులకు చట్టం చూపించే సుళువైన దారి ఆ లీజే. టూరిస్టు వీసా మీద వచ్చినాయనకు ‘రిజిస్ట్రేషన్ చేయిస్తా స్వామీ’ అని ఎవరైనా చెబితే అది మోసమో, తెలియనితనమో.

ఈ కంచె కొత్తది కాదు. 1973 నాటి ఫెరా చట్టం కింద విదేశీ పౌరుడు ఇక్కడి ఆస్తిని కొనాలన్నా, అమ్మాలన్నా, దానం చేయాలన్నా రిజర్వు బ్యాంకు ముందస్తు అనుమతి తప్పనిసరి. బెంగళూరు సెయింట్ మార్క్స్ రోడ్డులోని ఒక ఆస్తిని ఒక విదేశీ పౌరురాలు 1977లో ఆ అనుమతి లేకుండా దానం రాసింది. ఆ పత్రం చెల్లుతుందా అన్న వివాదం నాలుగు దశాబ్దాలు దాటి సాగింది. 2021 ఫిబ్రవరి 26న సుప్రీంకోర్టు చెల్లదని తేల్చింది. రాసినామె లేదు, ఆ చట్టమూ లేదు, పేచీ మాత్రం మిగిలింది. ఫెరా పోయి 2000 జూన్ 1న ఫెమా వచ్చాక జైలు భయం తగ్గి జరిమానా భయం మిగిలింది. ఆ జరిమానా లావాదేవీ సొమ్ముకు మూడింతల దాకా పోవచ్చు.

“రిజిస్ట్రేషన్ అయిపోయింది కదా, ఇంకేం?” అనేది మన జనంలో బాగా పాతుకుపోయిన నమ్మకం. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు చూసేది స్టాంపు సరిపోయిందా, మనుషులు వచ్చారా, ఖాతా ఉందా అన్నవి. కొన్నవాడు ఏ దేశంలో కాపురం ఉంటున్నాడో, డబ్బు ఏ ఖాతాలోంచి వచ్చిందో తేల్చే పని అక్కడ జరగదు. అందుకే ఎన్నారై పేరున పొలం క్రయపత్రం అయిపోవచ్చు, మ్యుటేషన్ కూడా అయిపోవచ్చు. కష్టం అమ్మేటప్పుడో, డబ్బు బయటికి పంపేటప్పుడో, ఎవరైనా ఫిర్యాదు చేసినప్పుడో బయటపడుతుంది. అప్పుడు ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ నోటీసు. తప్పు ఒప్పుకుని రిజర్వు బ్యాంకు దగ్గర రాజీ రుసుము కట్టే ఏర్పాటు ఉంది కానీ, దానికి ముందు ఆ భూమిని వదిలించుకోవాలి.

ఇక అసలు చిక్కు. ఏది పొలం, ఏది సైటు?

దేవనహళ్లిలో 2008 మేలో విమానాశ్రయం తెరిచాక ఉత్తరం వైపు నేల ధర కదిలింది. చిక్కబళ్లాపురం అక్కడికి ముప్పై కిలోమీటర్లకు అటూ ఇటూ. ఇప్పుడు నలభై నాలుగో నంబరు హైవే మీద బాగేపల్లి దాకా, అటు చింతామణి రోడ్డులోనూ, లేఅవుట్ బోర్డులు చింతచెట్ల కన్నా ఎక్కువ కనిపిస్తాయి. వెయ్యడుగులు దాటినా నీళ్లు పడని బోర్లున్న సీమలో ఈ ధరలు టమాటా వల్లనో పట్టు వల్లనో వచ్చినవి కావని అందరికీ తెలుసు. 2025 జూలైలో నంది కొండ మీద కూర్చున్న కర్ణాటక మంత్రివర్గం బాగేపల్లికి ‘భాగ్యనగర’ అని పేరు పెట్టాలని నిర్ణయించింది. ఆ పేరు వింటే హైదరాబాదు తలుచుకునే మనకు కాస్త నవ్వొస్తుంది గానీ, సైట్లు అమ్మేవాళ్లకు ఎంత పనికొచ్చే పేరు!

ఈ బోర్డుల కింద ఉన్న నేల మూడు రకాలు. ఒకటి, జిల్లాధికారి దగ్గర భూపరివర్తన అయి, ప్లానింగ్ అథారిటీ లేఅవుట్‌ను ఒప్పుకుని, స్థానిక సంస్థలో ఇ-ఖాతా తెరుచుకున్న సైటు. ఇది వ్యవసాయ భూమి కాదు, ఎన్నారై నిశ్చింతగా కొనొచ్చు. రెండోది, పరివర్తన కాకుండానే పొలంలో సున్నం గీతలు గీసి, మట్టిరోడ్లు వేసి అమ్మేది. జనం దాన్ని రెవిన్యూ సైటు అంటారు. కంటికి సైటు, పహణిలో మాత్రం ఇంకా రాగి చేను. స్థానికుడు కొంటే ఖాతా రాదనో, ఇంటి ప్లాను రాదనో బాధ. ఎన్నారై కొంటే దాని పైన ఫెమా కూడా వచ్చి పడుతుంది, ఎందుకంటే కాగితం ప్రకారం అతను కొన్నది సేద్యపు భూమి. “కొన్నాక కన్వర్షన్ చేయించుకుందాం సార్” అనే ఏజెంటు మాట అతని విషయంలో పనికిరాదు. కొనే రోజుకే ఆ నేల వ్యవసాయం వదిలి ఉండాలి.

మూడోది ఈ మధ్య మొలిచిన రకం. నంది కొండ వెనక, బాగేపల్లి, చింతామణి చుట్టూ, అటు లేపాక్షి వైపు కూడా పావెకరా, అరెకరా ముక్కలుగా ‘మేనేజ్డ్ ఫామ్‌ల్యాండ్’ అమ్ముతున్నారు. మీరు కొనండి, మామిడో శ్రీగంధమో మేం పెంచుతాం, వారాంతాల్లో వచ్చి తోట ఇంట్లో ఉండండి అంటారు. బొమ్మల్లో ఎంత పచ్చగా ఉన్నా అది పొలమే, అందులో ఇల్లు ఫామ్‌హౌసే. ఎన్నారైకి రెండూ కూడవు. అమ్మేవాళ్లు ఈ మాట ముందుగా చెప్పరు. చెప్పినా “ఇండియాలో ఉన్న మీ వాళ్ల పేరున తీసుకుందాం లెండి” అని తేలిగ్గా దాటేస్తారు. ఆ తేలిక మాటలో ఎంత బరువుందో కాస్త ఆగి చెబుతాను.

ఎన్నారైకి మూసిన ఈ తలుపు కర్ణాటకలో ఒకప్పుడు దేశంలో ఉన్నవాళ్లకూ మూసే ఉండేది. దేవరాజ్ అరసు కాలంలో, 1974 మార్చి 1 నుంచి అమల్లోకొచ్చిన భూసంస్కరణల సవరణ వ్యవసాయేతరుల చేతికి సేద్యపు నేల పోకుండా గట్టు కట్టింది. 79ఎ, 79బి సెక్షన్లంటే తాలూకా ఆఫీసులకు తిరిగిన ప్రతివాడికీ నోటికొచ్చు. రైతు కానివాడు కొనకూడదు, కంపెనీ కొనకూడదు, సేద్యం కాని ఆదాయం ఒక పరిమితి దాటితే కొనకూడదు. ఆ పరిమితి చాలా కాలం ఏడాదికి 2 లక్షలు, 2015లో 25 లక్షలకు పెంచారు. ఆ పక్క హిందూపురం, కదిరి నుంచి వచ్చి కొనేవాడైనా తాను రైతునేనని కాగితం చూపాల్సి వచ్చేది. ఆ కాగితాల కోసం నడిచిన బేరాలు వేరే కథ. 2020 జూలైలో ఆర్డినెన్సుగా మొదలై, తరవాత చట్టమైన సవరణ ఈ సెక్షన్లను తీసేసింది. తీసేయడం కూడా 1974 మార్చి 1 నుంచీ లేనట్టే తీసేసింది. రైతు సంఘాలు దాన్ని వెనక్కి తీసుకోవాలని అడుగుతూనే ఉన్నాయి.

దీని ఫలితం టీ కొట్టు పెద్దాయనకు చెబితే నమ్మలేదు. ఆయన పక్క మూడెకరాలను ఇవాళ బెంగళూరులో ఉన్న డాక్టరు కొనొచ్చు, సాఫ్ట్‌వేర్ ఇంజినీరు కొనొచ్చు, ఒక కంపెనీ కొనొచ్చు. వాళ్లెవరికీ మడక పట్టడం తెలియనక్కర్లేదు. చిన్నప్పుడు ఆ గట్ల మీదే మేకల్ని తోలిన ఆయన కొడుకు కొనకూడదు. నా లెక్కలో ఈ కంచె ఇప్పుడు రైతును కాపాడటం లేదు. కాపాడాలనుకుంటే నేలను ఎవరు దున్నుతున్నారని అడగాలి గానీ, కొనేవాడి పాస్‌పోర్టు మీద ఏ ముద్ర ఉందని అడిగితే ఏం లాభం? ఫెమా ఉద్దేశం వేరు, అది డాలర్ల రాకపోకల చట్టం, రైతు చట్టం కాదు అని వాదించవచ్చు. ఒప్పుకుంటాను. కానీ పాత గట్టు తెగిపోయాక ఈ ఒక్క రాయి మిగిలి, అది సొంత ఊరి పిల్లవాడి కాలికే తగులుతోంది.

మిగతా దేశాల్లో రాయి వేరే చోట ఉంది. అక్కడ గొడవంతా ఇళ్ల ధరల గురించి. సింగపూర్‌లో 2023 ఏప్రిల్ 27 నుంచి విదేశీయుడు ఇల్లు కొంటే ధర మీద 60 శాతం అదనపు స్టాంపు సుంకం. అంతకు ముందు 30 ఉండేది. మొదటి ఇల్లు కొనే పౌరుడికి ఈ అదనం సున్నా, శాశ్వత నివాసికి 5 శాతం. అమెరికా, స్విట్జర్లాండ్, నార్వే, ఐస్‌లాండ్, లీకెన్‌స్టైన్ పౌరులకు మాత్రం వాణిజ్య ఒప్పందాల పుణ్యాన సింగపూర్ పౌరుడి రేటే. అంటే చింతామణి అన్నదమ్ములిద్దరు సింగపూర్‌లో ఒకే అపార్టుమెంటులో పక్క పక్క ఫ్లాట్లు కొన్నారనుకోండి. అమెరికా పౌరసత్వం తీసుకున్న అన్నకు మొదటి ఇంటి మీద అదనం లేదు. భారత పాస్‌పోర్టు మీద పనిచేస్తున్న తమ్ముడు ఇంటి ధర కాక, అందులో సగానికి పైగా సుంకం కట్టాలి.

కెనడా పన్నుతో ఆగలేదు. 2023 జనవరి 1 నుంచి పౌరులూ శాశ్వత నివాసులూ కానివాళ్లు పెద్ద పట్టణ ప్రాంతాల్లో ఇల్లు కొనడాన్నే రెండేళ్లు నిషేధించి, దాన్ని 2027 జనవరి 1 దాకా పొడిగించింది. మొదట్లో మరీ బిగించారు. ఆ మార్చిలోనే కాస్త వదులు చేసి, వర్క్ పర్మిట్‌లో కనీసం 183 రోజులు మిగిలి ఉన్నవాళ్లు ఒక ఇల్లు కొనుక్కోవచ్చన్నారు. బ్రాంప్టన్‌లోనో మిస్సిసాగాలోనో పర్మిట్ మీద ఉన్న తెలుగు కుర్రాళ్లకు దొరికింది ఆ సందే. కొనగలిగినా అంటారియో రాష్ట్రం 2022 అక్టోబరు నుంచి విదేశీ కొనుగోలుదారు మీద వేస్తున్న 25 శాతం పన్ను వేరే ఉంది. ఆస్ట్రేలియా 2025 ఏప్రిల్ 1 నుంచి 2027 మార్చి 31 దాకా పాత ఇళ్లు కొనడాన్ని విదేశీయులకు ఆపింది, తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లను కూడా కలిపి. కొత్త ఇల్లు కట్టిస్తే ఊళ్లో ఇళ్ల సంఖ్య పెరుగుతుంది, ఉన్న ఇల్లు లాక్కుంటే పెరగదు అన్నది వాళ్ల తర్కం. ఇంగ్లండ్‌లో అడిగే అదనం 2 శాతమే. అది కూడా పౌరసత్వం చూసి కాదు, కొనడానికి ముందు ఏడాదిలో ఎన్ని రోజులు అక్కడ ఉన్నాడో చూసి.

ఈ పన్నులు పెట్టినంత మాత్రాన ధరలు నేల మీదికి దిగలేదు. విదేశీ కొనుగోళ్ల మీద 2016లోనే 15 శాతం వేసి, 2018లో 20 చేసిన బ్రిటిష్ కొలంబియాలో వాంకూవర్ ఇప్పటికీ కెనడాలో మహా ఖరీదైన ఊళ్లలో ఒకటి. హాంకాంగ్ అయితే 2012లో పెట్టిన పన్నును మార్కెట్ పడిపోతుంటే 2024 ఫిబ్రవరిలో తీసి పారేసింది. పరదేశి మీద పన్ను వేస్తే ఓటర్లెవరూ కోప్పడరు కాబట్టి ప్రభుత్వాలకు అది సులువైన పని. ఇళ్లు కట్టించడం కష్టమైన పని.

కర్ణాటకలో కొనేటప్పుడు అలాంటి అదనం ఏదీ లేదు. చిక్కబళ్లాపురం పట్టణంలో 40 లక్షల సైటు మీద స్టాంపు సుంకం 5 శాతం, దాని మీది సెస్సు, సర్‌చార్జి కలిపి 5.6 శాతం, 2025 ఆగస్టు చివర 1 నుంచి 2 శాతానికి పెంచిన రిజిస్ట్రేషన్ రుసుము. మొత్తం 3 లక్షల 4 వేలు. ఊళ్లోవాడికీ అంతే, ఎన్నారైకీ అంతే. అదే సైటు సింగపూర్‌లో ఉంటే భారత పాస్‌పోర్టు మీద అదనమే 24 లక్షలు. కొనేనాడు మనం అంత ఉదారులం. అమ్మేనాడు లెక్క మారుతుంది.

2024 జూలై 23న దీర్ఘకాల లాభం మీద పన్ను 20 శాతం నుంచి 12.5కి దిగింది. బదులుగా, ద్రవ్యోల్బణాన్ని కలిపి కొన్న ధరను పెంచి చూపే ‘ఇండెక్సేషన్’ సౌకర్యం పోయింది. గోల చెలరేగితే, ఆ తేదీకి ముందు కొన్న భూములకు, ఇళ్లకు పాత లెక్కా కొత్త లెక్కా రెండూ వేసి ఏది తక్కువైతే అది కట్టొచ్చని సడలించారు. ఈ సడలింపు దేశంలో నివాసం ఉన్నవాళ్లకే. ఎన్నారైకి లేదు.

ఎంత తేడా? 2010-11లో చింతామణిలో 10 లక్షలకు కొన్న సైటును 2024-25లో, ఆ మార్పు వచ్చాక, 30 లక్షలకు అమ్మారనుకుందాం. ధరల సూచీ ఈ మధ్యలో 167 నుంచి 363కి పెరిగింది. కాబట్టి ఊళ్లో ఉన్నాయన తన 10 లక్షలను 21 లక్షల 74 వేలుగా చూపుకుని, మిగిలిన 8 లక్షల 26 వేల మీద 20 శాతం, అంటే దాదాపు లక్షా 65 వేలు కడతాడు. పక్క సైటు ఎన్నారైది. అదే ధరకు కొన్నాడు, అదే రోజు అదే ధరకు అమ్మాడు. అతనికి 20 లక్షల లాభం మీద 12.5 శాతం, రెండున్నర లక్షలు. సెస్సు ఇద్దరికీ అదనం. గట్టు ఒకటే, మట్టి ఒకటే, తేడా 85 వేలు. దీన్ని ఎవరూ ‘విదేశీ పన్ను’ అని పిలవరు, చట్టంలో ఆ పేరుతో లేదు కాబట్టి. పైగా ఊళ్లోవాడికి వేరే ఆదాయం లేకపోతే పన్ను లేని కనీస పరిమితిలో మిగిలిన భాగాన్ని ఈ లాభంలోంచి తగ్గించుకుంటాడు. ఎన్నారైకి అదీ లేదు.

అమ్మకం సొమ్ములోంచి పన్ను కోత సంగతి ఇంకా ఇబ్బంది పెడుతుంది, అదీ అమ్మేవాడి కంటే కొనేవాడిని. ఊళ్లోవాడు 40 లక్షలకు సైటు అమ్మితే కొన్నవాడు టీడీఎస్ ఏమీ పట్టుకోనక్కర్లేదు. 50 లక్షలు చేరితేనే 1 శాతం. అమ్మేవాడు ఎన్నారై అయితే ఈ 50 లక్షల గీత మాయమవుతుంది, 1 శాతం మాయమవుతుంది. 12.5 శాతం, దాని మీద 4 శాతం సెస్సు, మొత్తం 13 శాతం. అతను ఆ సైటును నాలుగేళ్ల కింద 25 లక్షలకు కొన్నాడనుకుంటే లాభం 15 లక్షలు, న్యాయంగా పన్ను లక్షా 95 వేలు. కానీ కొనేవాడికి ఆ లాభం లెక్క తెలియదు, నమ్మే బాధ్యతా లేదు. అందుకని జాగ్రత్త కోసం మొత్తం 40 లక్షల మీదా 13 శాతం, 5 లక్షల 20 వేలు పట్టుకుని కట్టేస్తాడు. మిగిలినది వెనక్కి రావాలంటే ఎన్నారై రిటర్ను వేసి ఎదురుచూడాలి. దీనికి మందు ముందే ఉంది. అమ్మకానికి ముందు ఆదాయపు పన్ను అధికారి దగ్గర తక్కువ కోతకు సర్టిఫికెట్ తెచ్చుకుంటే ఆ మేరకే పట్టుకుంటారు. నెలా రెణ్నెల్లు పట్టొచ్చు కాబట్టి, బయానా తీసుకున్నాక కాదు, అమ్మాలని అనుకున్ననాడే అర్జీ పెట్టాలి.

కొనే బడిపంతులికో మండీ వ్యాపారికో ఇవేవీ తెలియవు. అమ్మేవాడి తమ్ముడు జీపీఏ, అంటే అధికార పత్రం, పట్టుకుని వచ్చి సంతకం పెడతాడు. పేరు మనూరి పేరే, ఆధార్ మీద అడ్రసు మనూరి అడ్రసే. 1 శాతమో, అసలేమీ పట్టుకోకుండానో డబ్బు ఇచ్చేస్తాడు. తరవాత పట్టుకోని సొమ్ము వడ్డీతో సహా కట్టమని నోటీసు కొన్నవాడికే వస్తుంది, సిడ్నీలో ఉన్న అమ్మినవాడికి పోదు. జీపీఏ చేతిలో పెట్టారంటేనే యజమాని ఎక్కడున్నాడని అడగడం మంచిది. ఆ జీపీఏ విదేశంలో రాసినదైతే ఇక్కడికి చేరిన మూడు నెలల్లో స్టాంపు వేయించారో లేదో చూడాలి. అమెరికా కూడా తన గడ్డ మీద విదేశీయుడు ఇల్లు అమ్మితే మొత్తం ధర మీద 15 శాతం పట్టుకోమని కొనేవాడికే చెబుతుంది. అమ్మి విమానమెక్కినవాణ్ని వెంటపడి పట్టుకోవడం ఏ దేశానికైనా కష్టమే మరి.

ఇప్పుడు ‘మీ వాళ్ల పేరున తీసుకుందాం లెండి’ దగ్గరికి వద్దాం. డాలస్ కొడుకు డబ్బు పంపి, తండ్రి పేరున పొలం రాయించి, ‘నాదే, నాన్న పేరు మీద ఉంది’ అనుకుంటే అది బినామీ చట్టం గుమ్మంలో నిలబడినట్టు. 2016 నవంబరు నుంచి ఆ చట్టానికి పళ్లు వచ్చాయి: ఆస్తి జప్తు, ఏడాది నుంచి ఏడేళ్ల దాకా జైలు, మార్కెట్ విలువలో నాలుగో వంతు దాకా జరిమానా. లెక్క చూపగల డబ్బుతో భార్యాబిడ్డల పేరున కొంటే మినహాయింపు ఉంది. తండ్రి ఒక్కడి పేరే ఉన్న పత్రానికి ఆ మినహాయింపు అందదు.

అదే కొడుకు తండ్రికి డబ్బు నిజంగా ఇచ్చేస్తే? అది బహుమతి. దగ్గరి బంధువు ఇచ్చినదాని మీద తండ్రికి పన్ను లేదు. తండ్రి ఆ డబ్బుతో తన పేరున, తన కోసం పొలం కొంటే అది తండ్రి ఆస్తి, చట్టానికి ఏ అభ్యంతరమూ లేదు. కానీ ‘నిజంగా’ అన్న మాట నిజం కావాలి. ఆ భూమి మీద తండ్రిదే చెల్లుబాటు. రేపు ఆయన అమ్ముకున్నా కొడుకు అడగకూడదు. ఆయన ఏమీ రాయకుండా పోతే భార్యకూ, కొడుకులకూ, కూతుళ్లకూ సమాన భాగాలు. మూడెకరాల డబ్బంతా తనే పంపానని డాలస్ నుంచి ఫోన్ చేసినా చెల్లెలి వాటా చెల్లెలిదే. మా వైపు అన్నాచెల్లెళ్లు మాట్లాడుకోవడం మానేసిన ఇళ్లలో చాలావాటికి మూలం ఇలాంటి రాయని ఒప్పందమే.

తండ్రి బతికుండగా ఆ పొలాన్ని కొడుక్కి దానపత్రం రాయొచ్చా? రాయకూడదు. ఎన్నారైకి సేద్యపు నేల కొనడం ఎలా కూడదో దానంగా పుచ్చుకోవడం కూడా అలాగే కూడదు. వారసత్వంగా మాత్రం రావచ్చు. వీలునామా ద్వారా వచ్చినా సరే, వీలునామా లేకుండా వచ్చినా సరే. బతికున్న చేత్తో ఇస్తే తప్పు, పోయాక చేరితే ఒప్పు. వినడానికి విడ్డూరంగా ఉన్నా నియమం అంతే. కొడుకు దేశంలో ఉన్నప్పుడే కొనుక్కున్న పొలమైతే, బయటికి పోయాక కూడా అట్టే పెట్టుకోవచ్చు. ఇలా చేతికొచ్చిన పొలాన్ని ఎప్పుడైనా అమ్మాలంటే ఇక్కడ నివాసం ఉన్నవాడికే అమ్మాలి, మరో ఎన్నారైకి కాదు. వచ్చిన డబ్బు ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో వేసుకుని, పన్నులు తీరాక ఏడాదికి 10 లక్షల డాలర్ల దాకా బయటికి తీసుకుపోవచ్చు. మూడెకరాలకు అంత రాదులెండి, విమానాశ్రయం ఇంకాస్త ఇటు జరిగితే తప్ప.

ఇంకో దారి ఉంది, ఓపిక ఉన్నవాళ్లకు. తండ్రి తన పేరున ఉన్న పొలంలో ఒక ముక్కను ముందు సక్రమంగా పరివర్తన చేయించి, ఇంటి స్థలంగా మారాక దాన్ని కొడుక్కి దానం రాయొచ్చు. అప్పుడది పొలం కాదు కాబట్టి అడ్డు లేదు. అయితే పరివర్తనకు ముందు ఆ నేల పుట్టుక చూడాలి. దళితులకు, గిరిజనులకు ప్రభుత్వం మంజూరు చేసిన భూమి అయితే 1978 నాటి చట్టం ప్రకారం ప్రభుత్వ అనుమతి లేకుండా చేతులు మారకూడదు. ఎన్ని చేతులు మారినా వెనక్కి తీసుకుని అసలు కుటుంబానికి ఇచ్చే వీలు ఆ చట్టంలో ఉంది. పక్క మూడెకరాల పహణి తీసుకొచ్చిన పెద్దాయనతో, ఒక్క పహణి చాలదు, తాలూకా ఆఫీసులో మొదటి మంజూరు కాగితం కూడా అడగమని చెప్పాను.

ఆయన చాలాసేపు గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. టీ చల్లారిపోయింది.

“అయితే నా పేరుతోనే రాయించుకుంటా. లెక్క నేను చెప్పుకుంటా. కూతుర్ని కూడా కూచోబెట్టుకుని మాట్లాడి, వీలునామా రాసి పెడతా,” అన్నాడు. లేచి పహణి మడిచి జేబులో పెట్టుకుంటూ మళ్లీ ఆగాడు. “అమెరికావోడు కూడా మావోణ్ని ఇట్లనే ఆపుతాడా, పొలం కొంటానంటే?”

డాలస్ ఉన్న టెక్సస్ రాష్ట్రంలో 2025 సెప్టెంబరు 1 నుంచి ఒక కొత్త చట్టం వచ్చిందని, అది చైనా, రష్యా, ఇరాన్, ఉత్తర కొరియా వాళ్లను ఆపుతోందని, అందులో మన దేశం పేరు లేదని చెప్పాను. అక్కడైతే మీవాడు పొలమైనా కొనుక్కోవచ్చు అన్నాను.

“ఈడ కొనకూడదు, ఆడ కొనొచ్చునంట,” అని టీ కొట్టు అతనికి చెప్పి, డబ్బులిచ్చి, చేలూరు బస్సెక్కాడు.